పక్కవాడి బోల్టు

విజయవాడ ఆటోనగర్‌లో ఎవరూ రాయని చట్టం ఒకటుంది. పక్క మేస్త్రీ చేసిన పనిని గిరాకీ ముందు తప్పుపట్టకూడదు. లారీ ఇంజను విప్పితే లోపల ఎవడో రబ్బరు చెప్పు ముక్క కోసి కుక్కి ఉండొచ్చు. చూసిన మేస్త్రీ కిక్కురుమనడు. 'చిన్న సర్దుబాటు చేశార్లెండి, మారుద్దాం' అని ఊరుకుంటాడు. ఇందులో ధర్మమూ ఉంది, తెలివీ ఉంది. ఇవాళ నువ్వు నోరు విప్పితే, రేపు నీ పని విప్పినవాడూ నోరు విప్పుతాడు.

పీరు ఈ చట్టాన్ని అందరికంటే శ్రద్ధగా పాటించినవాడు. పదో తరగతి తర్వాత చదువు సాగక ప్యానెల్ బోర్డుల షెడ్డులో చేరాడు. ప్యానెల్ బోర్డంటే ఇనప బీరువాలా ఉంటుంది. లోపల లావుపాటి రాగి పట్టీలు, వాటికి బోల్టులతో బిగించిన కేబుళ్ళు, స్విచ్చులు. స్తంభం మీంచి వచ్చిన కరెంటును రైస్ మిల్లులో మోటార్లకీ, ఐస్ ఫ్యాక్టరీలో కంప్రెసర్లకీ పంచిపెట్టేది అదే. కైకలూరు నుంచి అవనిగడ్డ దాకా పీరు చేయిపడిన బీరువాలు ఎన్ని ఉన్నాయో అతనికే తెలియదు. అయినా అతను ఎలక్ట్రీషియనని చెప్పే కాగితం ముక్క ఈ భూమ్మీద ఒక్కటీ లేదు.

పని నేర్పింది లాజరు. షెడ్డులో పెద్ద మేస్త్రీ. పీరుకి ఆయన బాబాయ్. చుట్టరికం ఏమీ లేదు, పొద్దున్న టీలోనూ మధ్యాహ్నం క్యారియర్లోనూ పుట్టిన వరస అది. బోల్టు బిగించడం కూడా ఒక విద్యేనని పీరుకి తెలిసింది లాజరు దగ్గరే. రాగి పట్టీ మీద బోల్టు వదులైతే అక్కడ వేడి పుడుతుంది, వేడికి ఇంకాస్త వదులవుతుంది, చివరికి అంటుకుంటుంది. అందుకని బిగించాక బోల్టు తల మీంచి పట్టీ మీదకి ఎర్ర రంగుతో ఒక గీత గీస్తారు. గీత గీశాడంటే మేస్త్రీ మాటిచ్చినట్టే.

అలాంటి లాజరుకి రెండేళ్ళ కిందట కుడి భుజం పట్టేసింది. చెయ్యి లేస్తుంది గానీ బిగువు రాదు. ఆ సంగతి మొదట పట్టుకున్నవాడు పీరే. ఒకరోజు సాయంత్రం లాజరు గీత గీసిన బోల్టు మీద స్పానరు పెట్టి చూస్తే అరచుట్టు తిరిగింది. పెద్దాయన, చెబితే చిన్నబుచ్చుకుంటాడు. పీరు గట్టిగా బిగించాడు, పాత గీత తుడిచి అలాంటి గీతే గీశాడు. అప్పటినుంచి రోజూ లాజరు చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్ళిన కాసేపట్లో పీరు ఆ పని ముగించేవాడు. దొంగతనమూ ఇంత జాగ్రత్తగానే చేస్తారు, కాకపోతే ఇక్కడ పోయేదేమీ లేదని అతని నమ్మకం.

పీరు భార్య ఆఫ్రీన్. వించిపేటలో ఇల్లు, గవర్నరుపేటలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో ఉద్యోగం. ఊళ్ళోవాళ్ళ ఆన్‌లైన్ అప్లికేషన్లన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. పక్కవాళ్ళ పిల్లల్ని ఎక్కడెక్కడికో పంపించిన చేత్తో, ఇంట్లో ఉన్న పనిమంతుడికి దారి వెతకలేనా అనుకుంది. రెడీమేడ్ బోర్డులు కోయంబత్తూరు నుంచీ పుణె నుంచీ దిగుతున్నాయి, షెడ్డులో కొత్త బోర్డులు తగ్గి రిపేర్లు మిగిలాయి. ఇంకొన్నాళ్ళకి అవీ ఉండవని ఆమెకి అర్థమైంది. డేటా సెంటర్లు కట్టేచోట ప్యానెల్ పని తెలిసినవాళ్ళకి కరువని ఎక్కడో చదివింది.

"డేటా సెంటరంటే ఏంటి?" అన్నాడు పీరు.

"మన ఫోన్లో ఫోటోలూ వీడియోలూ అన్నీ ఎక్కడో ఒకచోట ఉండాలిగా. అవి దాచే గోడౌన్ అన్నమాట. లోపలంతా కంప్యూటర్లే. ఒక్క క్షణం కరెంటు పోకూడదు, వేడెక్కకూడదు."

మర్నాడు ఇదే మాట లాజరుకి చెబితే ఆయన తేల్చేశాడు. "అయితే రొయ్యల కోల్డ్ స్టోరేజీయే గదరా. రొయ్యల బదులు ఫోటోలు, అంతేగా."

వెతకడమంటే తేలిక కాదు. బెంజి సర్కిల్ దగ్గర ఒకాయన డేటా సెంటర్ ఉద్యోగమే అని పిలిచి, తీరా వెళ్తే కంప్యూటర్ ముందు కూర్చుని పేర్లు టైపు చేసే పని చూపించాడు. ఇంకొకాయన విమానం బొమ్మ ముందు నిలబడి ఫోటో దిగి, వాట్సాప్‌లో పంపి, పాస్‌పోర్టు తన చేతికివ్వమన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆఫ్రీన్ వినే రకం కాదు. ఆమె దగ్గర ఒకటే ప్రశ్న ఉండేది: "వీసాకి స్పాన్సరు ఎవరు? మావాణ్ణి ట్రైనింగ్‌కి పిలిపిస్తున్నది మేమేనని అక్కడి ప్రభుత్వానికి రాసిచ్చే కంపెనీ పేరు చెప్పండి." దొంగలందరూ ఆఫీసుకి రండి, మాట్లాడుకుందాం అనేవారు. పేరు మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు.

చివరికి ఒక ప్రకటనలో ఆ పేరు దొరికింది. ఐర్లాండ్‌లో డేటా సెంటర్లు కట్టే ఒక కాంట్రాక్టు కంపెనీ. ఏడాది ట్రైనింగ్, జీతంతో సహా. వీసా స్పాన్సర్‌షిప్ వాళ్ళదే. ట్రైనింగ్ ముగిస్తే చేతికి ఎలక్ట్రీషియన్ కార్డు, ఆ తర్వాత ఉద్యోగం, కుటుంబాన్ని తీసుకెళ్ళే వీలు. మధ్యలో ఏజెంటు లేడు. ఒక్కటే మెలిక: ముప్పై ఐదు నిండకూడదు. పీరు ఏ రోజు పుట్టాడో అతని తల్లికే సరిగ్గా గుర్తులేదు. బళ్ళో వేసిన హెడ్మాస్టరు జూన్ ఒకటి అని రాసుకున్నాడు. ఆయన లెక్కన ఆ ఇలాకాలో సగం మంది జూన్ ఒకటినే పుట్టారు. ఆ హెడ్మాస్టరు పుణ్యమా అని వచ్చే జూన్ ఒకటికి పీరుకి ముప్పై ఐదు నిండుతాయి. ఈసారి తప్పితే ఇంక లేదు.

పీరు మనసులో ఆ కార్డు గురించి ఎంత ఆశ ఉందో అతను ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళు చేసిన పని తనదేనని, తనకి వచ్చునని ఎవరో ఒకరు ముద్ర వేసి చెప్పాలని అతనికి చచ్చేంత కోరికగా ఉండేది. ఆఫ్రీన్ పక్కన కూర్చుని రుద్ది రుద్ది నేర్పితే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాడు. పని పరీక్షకి పిలుపొచ్చింది.

గన్నవరం దగ్గర ఒక షెడ్డు అద్దెకి తీసుకుని పరీక్ష పెట్టారు. పరీక్ష పెట్టే ఆవిడ పేరు వేదశ్రీ. మచిలీపట్నం అమ్మాయి, ఆ కంపెనీలోనే డబ్లిన్‌లో పనిచేసి వచ్చిన ఇంజనీరు. తెలుగులోనే మాట్లాడింది. ఇద్దరికి ఒక బోర్డు. చెరిసగం కట్టాలి. తర్వాత ఒకరి సగం ఇంకొకరు తనిఖీ చేయాలి. తప్పు కనిపిస్తే దాని మీద అంటించడానికి తలా కొన్ని పసుపు స్టిక్కర్లు ఇచ్చారు. టార్క్ స్పానర్లు కూడా ఇచ్చారు. ఎంత బిగువు కావాలో పిడి మీద పెట్టుకుంటే, అంత బిగువు రాగానే టక్కుమంటుంది ఆ స్పానరు. పీరుకి చిన్నపిల్లాడికి కొత్త సైకిల్ దొరికినట్టుంది.

అతనికి జోడీగా వచ్చినవాడు సిద్ధార్థ, గుడివాడ కుర్రాడు, డిప్లొమా చదివాడు. పీరు తన సగం చులాగ్గా ముగించి సిద్ధార్థ సగం చూడటం మొదలుపెట్టాడు. అంతా బాగానే ఉంది, మధ్య పట్టీ మీద ఒక బోల్టు తప్ప. స్పానరు పెడితే తిరిగింది. కుర్రాడి వంక చూశాడు. వాడు నుదుటి చెమట తుడుచుకుంటున్నాడు. పాపం అనిపించింది. టక్కుమనేదాకా తిప్పాడు, గీత సరిచేశాడు, తనిఖీ కాగితం మీద అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టాడు. ఆటోనగర్‌లో ఎవరైనా చేసే పనే చేశాడు.

వేదశ్రీ అతన్ని పక్కకి పిలిచింది. "పీరు గారూ, మీ స్టిక్కర్లు ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. ఒక్కటీ వాడలేదు.

"మీరు చూడకముందే నేను సిద్ధార్థ కట్టిన సగం చూశాను. మధ్య పట్టీ మీద రెండో బోల్టు వదులుగా ఉంది. ఇప్పుడు టైటుగా ఉంది. ఎవరు బిగించారు?"

"నేనే, మేడమ్."

"ఎందుకు చెప్పలేదు?"

"చిన్న విషయమేగదండి. కుర్రాడు కంగారుపడుతున్నాడు. పోనీలే అని..."

"మీ చేతి పనికి వంక పెట్టడానికి లేదండి. కానీ మిమ్మల్ని తీసుకోలేను." ఆవిడ గొంతులో కోపం లేదు, అదే పీరుకి ఎక్కువ బాధగా ఉంది. "ఒక బోల్టు వదులుగా పెట్టినవాడు అలాంటివి ఇంకెన్ని పెట్టాడో చూడాలి. అసలు ఎందుకు పెట్టాడో చూడాలి. మీరు ఒక్కటి బిగించి మిగిలినవన్నీ మా కంటపడకుండా చేశారు. అక్కడ ఒక బిల్డింగ్‌లో ఇలాంటి బోర్డులు వందలుంటాయి."

సాయం చేస్తే ఫెయిల్ చేసే పరీక్ష గురించి పీరు ఎన్నడూ వినలేదు. తల వంచుకుని బయటికి నడవబోతుంటే ఆవిడే మళ్ళీ పిలిచింది. "ఏప్రిల్‌లో ఆఖరి బ్యాచ్ ఉంది. మీ చేతి పని మళ్ళీ చూడక్కర్లేదు. మీరు పనిచేసే చోటికే వస్తాను. మీ పెద్ద మేస్త్రీ గారితో మాట్లాడతాను. తప్పు కనిపిస్తే నోరు తెరిచే మనిషేనని ఆయన చెబితే చాలు."

ఇంటికొచ్చి చెబితే ఆఫ్రీన్ ఏడవలేదు, తిట్టలేదు. కాసేపు నెత్తి మీద చేతులు పెట్టుకుని కూర్చుని, ఒక్కసారిగా లేచింది.

"నాతో కూడా ఇంతేగా మీరు! పెళ్ళైన దగ్గర్నుంచీ ఒక్కనాడైనా కూరలో ఉప్పు తక్కువైందన్నారా? మాగాయ కలుపుకుని గుటుక్కున మింగేస్తారు. అమ్మ వచ్చి తిని చెప్పేదాకా నాకు తెలీదు, నేను నెలరోజులు చప్పిడి కూర వండుతున్నానని."

మర్నాడు కావాలనే ఉప్పు లేకుండా పప్పు వండింది. మాగాయ జాడీ దాచేసింది. ఎదురుగా కూర్చుంది. పీరు ఒక ముద్ద తిని చుట్టూ చూశాడు.

"ఎలా ఉంది?"

"బానే ఉంది."

"నిజం చెప్పండి."

"కొంచెం... నిన్నటికన్నా కొంచెం..."

"పీరు గారూ!" అంది ఆఫ్రీన్, అచ్చం వేదశ్రీలాగా.

"ఉప్పు లేదు!" అని అరిచాడు పీరు, ఎవరో గిల్లినట్టు. ఆఫ్రీన్ పగలబడి నవ్వింది. పాఠం బాగానే వంటబట్టిందని మర్నాడు కూడా, పులుసులో చింతపండు ఎక్కువైందని తనంత తానే చెప్పాడు. ఆమె మూతి ముడుచుకుంది. "నేనడిగిన రోజున చెప్పమన్నాను. రోజూ చెప్పమన్నానా?" అని ఆ పూటంతా మాట్లాడలేదు. ఈ విద్య అంత తేలిగ్గా వచ్చేది కాదని పీరుకి అప్పుడే తెలిసింది.

పెళ్ళాంతో అయితే నవ్వులాటగా గడిచింది. లాజరుతో అలా కుదరదు. తప్పు కనిపిస్తే పీరు నోరు తెరుస్తాడా అని వేదశ్రీ అడగబోయేది ఆయన్నే. ఆ ప్రశ్నకి ఇప్పటికిప్పుడు నిజమైన జవాబు ఏమిటో పీరుకి తెలుసు. తెలియనిది లాజరుకే. పీరుకి రెండు వారాలు సరిగ్గా నిద్రలేదు.

కైకలూరు ఐస్ ఫ్యాక్టరీకి వెళ్ళాల్సిన బోర్డు సిద్ధమైంది. లాజరు పంపు దగ్గరికి వెళ్ళాడు. అలవాటు కొద్దీ పీరు స్పానరు అందుకున్నాడు. మొదటి బోల్టు మీద పెట్టాడు, అరచుట్టు తిప్పే జాగా ఉంది. తిప్పలేదు. స్పానరు కింద పెట్టి, పక్కనున్న కేబుల్ చుట్ట మీద కూర్చున్నాడు. లాజరు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏంట్రా, కడుపునొప్పా?"

"బాబాయ్... మధ్య పట్టీ మీద బోల్టు వదులుగా ఉంది."

"ఎవడు బిగించాడు?"

"నువ్వే."

లాజరు నవ్వాడు. నవ్వుతూనే స్పానరు తీసి పెట్టాడు. తిరిగింది. నవ్వు పోయింది. బిగించబోయాడు, భుజం కలుక్కుమని చెయ్యి జారింది. తర్వాతి బోల్టు చూశాడు. ఆ తర్వాతది చూశాడు. పీరు ముఖం వైపు చూసేసరికి ఆయనకి మిగతాదంతా తెలిసిపోయింది.

"ఎన్నాళ్ళనుంచిరా?"

"నీ భుజం పట్టేసిన దగ్గర్నుంచి."

"రెండేళ్ళు. నేను పంపు కాడికెళ్ళడం, నువ్వు నా ఎనకమాల సర్దడం."

"బాధపడతావని చెప్పలేదు బాబాయ్."

"ఇప్పుడు బాధపళ్ళేదనుకున్నావా?"

లాజరు బోర్డుకి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన కళ్ళు ఎక్కడో తిరుగుతున్నాయి. ఉన్నట్టుండి అడిగాడు.

"నువ్వు రాని రోజులో?"

"ఏంటి బాబాయ్?"

"పండక్కి రాలేదు. డెంగ్యూ వచ్చి పడకేశావు. మీ మేనత్త కొడుకు పెళ్ళికి ఏలూరెళ్ళావు. ఆ రోజుల్లో నేను గీతలు గీసి పంపిన బోర్డుల సంగతేంట్రా? అవెవడు బిగించాడు?"

గన్నవరంలో వేదశ్రీ చెప్పింది ఇదే. అప్పుడు చెవికెక్కిన మాట ఇప్పుడు గుండెకి తగిలింది. రెండేళ్ళుగా పీరు లాజరు పరువు కాపాడుతున్నానని అనుకున్నాడు. ఎక్కడో ఒక రైస్ మిల్లులో, ఏదో ఒక ఐస్ ఫ్యాక్టరీలో, ఎవడో పనివాడు తలుపు తీసి చెయ్యి పెట్టే బీరువాలో, వదులు బోల్టులు వేడెక్కుతూ కూర్చుని ఉన్నాయని ఒక్కరోజు కూడా తోచలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"చెప్పుంటే ఆ రోజే స్పానరు పక్కన పెట్టేవాణ్ణిగదరా," అన్నాడు లాజరు. "నీకు నా మీద జాలి. నాకేమో నీ మీద నమ్మకం." చొక్కా తగిలించుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే పీరు షెడ్డుకి వచ్చేసరికి లాజరు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పీరు రాని రోజుల్లో ఏ బోర్డు ఎక్కడికి వెళ్ళిందో ఆయనకి నోటికి వచ్చు. "బండి తియ్యి" అన్నాడు, అంతే. పీరు బైకు తీస్తే ఆయన వెనక కూర్చున్నాడు. ముందు ఉయ్యూరు చేరారు. అక్కడ ఒక రైస్ మిల్లులో కరెంటు ఆపించి బోర్డు తెరిచారు. కొంచెం వదులు. బిగించారు. ముదినేపల్లి దగ్గర రొయ్యల చెరువుల మీద రెండు బోర్డులు చూశారు, అక్కడ ఫర్వాలేదు. దారిలో కాకా హోటల్లో టీ తాగారు. లాజరు ఇటు, పీరు అటు తిరిగి కూర్చున్నారు.

తిరుగు దారిలో పామర్రు దగ్గర ఒక మిల్లులో తలుపు తీయగానే కమురు వాసన వచ్చింది. మధ్య పట్టీ మీద రాగి నల్లగా మాడి ఉంది. కేబుల్ మీది తొడుగు కరిగి పక్కదానికి అంటుకుంది. మిల్లు యజమాని వెంకటకృష్ణారావు గారు వెనకనుంచి తొంగిచూశాడు.

"ఏంటయ్యా ఇది? ఎవరి పనిది?"

ఆటోనగర్ చట్టం ప్రకారం ఇక్కడ అనాల్సింది, కరెంటు హెచ్చుతగ్గుల వల్ల అవుతుంటాయండీ అని. ఆ మాట పీరు నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా లాజరు ముందుకొచ్చాడు.

"నా పనేనండి. ఈ బోల్టు నేను సరిగ్గా బిగించలేదు."

"నాదీ తప్పుందండి," అన్నాడు పీరు. "ఈయన చెయ్యి బాగాలేదని నాకు తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు."

వెంకటకృష్ణారావు గారు మెతక మనిషి కాదు. మిల్లు తగలబడిపోతే ఏం చేసేవారు, ఇక్కడ పనిచేసే ఆడవాళ్ళకి ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్పేవారు అని ఇద్దర్నీ కలిపి దులిపేశాడు. ఇద్దరూ తలలు వంచుకుని విన్నారు. తర్వాత కాలిన పట్టీ తీసి కొత్తది వేశారు. బిగించింది పీరు. పక్కన నిలబడి ఒక్కో బోల్టూ రెండోసారి చూసింది లాజరు. సాయంత్రానికి వార్త ఆటోనగర్ చేరింది. షెడ్డు ఓనరు మండిపడ్డాడు. పక్క షెడ్లవాళ్ళు వీళ్ళకి మతిపోయిందన్నారు. తమ పనిలో తప్పుని తామే వెళ్ళి చాటింపు వేసుకోవడం ఆ పేటలో ఎవరూ కనీవినీ ఎరగరు.

ఆ తర్వాత లాజరు స్పానరు ముట్టుకోలేదు. బోర్డుల తనిఖీ మాత్రం చూసేవాడు. పీరుతో పనికి సంబంధించిన మాట తప్ప ఇంకో మాట లేదు. క్యారియర్ వేరుగా తినేవాడు. ఆయన ఇంటికి వెళ్ళి కాళ్ళు పట్టుకుని వస్తానని ఆఫ్రీన్ అంటే పీరు వద్దన్నాడు. "ఆయన కోపానికి అర్థముంది. నాకోసం దాన్ని మాన్పించడం తప్పు" అన్నాడు. ఆమె ఆ మాటకి ఆశ్చర్యపోయింది.

ఏప్రిల్‌లో వేదశ్రీ వచ్చింది. ఎండ మాడుస్తోంది, రేకుల షెడ్డు పొయ్యిలా ఉంది. ఆఫ్రీన్ సెలవు పెట్టి వచ్చి ఓ మూల నిలబడింది. తోటి మేస్త్రీలు పని చేస్తున్నట్టు నటిస్తూ చెవులు ఇటే వేశారు. అందరికీ ఒకటే ధీమా: ఎంత కోపమున్నా, బయటివాళ్ళ ముందు లాజరు మనవాణ్ణి తక్కువ చేసి మాట్లాడడు. రెండు మంచి ముక్కలు చెప్పి పంపించేస్తాడు. పీరు కూడా లోపల్లోపల అదే కోరుకున్నాడు, కోరుకున్నందుకు సిగ్గుపడ్డాడు.

లాజరు ఆవిడకి కుర్చీ వేయించి తను నిలబడ్డాడు.

"లాజరు గారూ, మీ పనిలో తప్పుంటే పీరు గారు మీకు చెబుతారా?"

"చెప్పాడండి. రెండేళ్ళు ఆలస్యంగా."

షెడ్డులో సుత్తి చప్పుళ్ళు ఆగిపోయాయి. లాజరు ఏమీ దాచలేదు. తన భుజం సంగతి, పీరు వెనకనుంచి బిగించడం, తన గీతలు దిద్దడం, పీరు రాని రోజుల్లో వెళ్ళిన బోర్డులు, పామర్రు మిల్లులో మాడిన రాగి, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోయాడు. పీరు పేరు వచ్చినచోట పీరు పేరు చెప్పాడు, తన పేరు వచ్చినచోట తనది. అంతా అయిపోయిందనుకున్నాడు పీరు. కార్డు పోయింది, ఐర్లాండ్ పోయింది, ఆఫ్రీన్ పడ్డ పాట్లన్నీ పోయాయి. ఆమె వైపు చూసే ధైర్యం లేకపోయింది.

"మీకు ఆయన మొదట చెప్పినప్పుడు అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?" అంది వేదశ్రీ.

"ఎవరూ లేరండి. వాడు చెప్పకపోతే నాకు ఈ జన్మకి తెలిసేది కాదు."

"మిల్లులో?"

"నేను నా తప్పు చెప్పుకున్నాను. వాడు నోరు మూసుకుని నా చాటున నిలబడొచ్చు. నిలబళ్ళేదు."

వేదశ్రీ పీరు వైపు ఒకసారి చూసి మళ్ళీ లాజరు వైపు తిరిగింది. "మీరేమంటారు? పంపించమంటారా?"

"పంపించండమ్మా," అన్నాడు లాజరు. "ఇక్కడే ఉంటే రేపు నా చూపు తగ్గినా వీడు నాతో చెప్పడు. నామీద వాడికంత ప్రేమ."

వేదశ్రీ లేచింది. పీరు దగ్గరికి వచ్చి, "గన్నవరంలో నాకు కావలసింది ఇదేనండి" అంది. "స్పాన్సర్‌షిప్ కాగితాలు ఈ నెలలోనే మొదలుపెడతాం. జూన్ ఒకటి గురించి భయపడకండి." ఆ మూల ఆఫ్రీన్ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. పీరు అందరి ముందూ, తోటి మేస్త్రీలు చూస్తుండగానే ఏడ్చేశాడు.

ఆవిడ కారు వెళ్ళిపోయింది. సుత్తులు మళ్ళీ మొదలయ్యాయి. లాజరు ఎప్పటిలా బోర్డు ముందు కూర్చుని బోల్టులు చూసుకుంటున్నాడు. పీరు కళ్ళు తుడుచుకుని వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాడు.

"బాబాయ్, నామీద కోపం పోయిందా?"

లాజరు తల ఎత్తలేదు.

"పోలేదురా. పోయినరోజు నేనే ఫోన్ చేసి చెప్తాను. నువ్వు వెళ్ళిరా."